ముందు నీళ్లు, తర్వాతే రొయ్యలు

"ఇంట్లో చిన్న తొట్టి పెట్టి రొయ్యలు పెంచుకుందామనుకుంటున్నాం, ఎక్కడ కొనాలి, ఎన్ని కొనాలి?" అని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు చాలామందికి రుచించదు. తొట్టి ఈరోజే కొనుక్కోండి, రొయ్యల్ని మాత్రం ఇంకో నెలన్నర దాకా కొనకండి. ఇంతే నా జవాబు.

షాపుల్లో జరిగేది మీకు తెలిసిందే. తొట్టి, రంగురాళ్లు, ఫిల్టరు, మేత డబ్బా, ఒక పాలిథిన్ కవర్లో పది ఎర్ర రొయ్యలు, అన్నీ కలిపి ఒకే బిల్లు. ఇంటికి రాగానే కుళాయి నీళ్లు నింపేయడం, సాయంత్రానికల్లా రొయ్యల్ని వదిలేయడం, పిల్లలు గాజుకి ముక్కు ఆనించి చూసి మురిసిపోవడం. వారం తిరక్కముందే ఒక్కొక్కటీ ఇసుక మీద అడ్డంగా పడి ఉంటుంది. వెళ్లి అడిగితే "రొయ్యలు చాలా సున్నితం అండీ, అందరి చేతిలో బతకవు" అంటారు. ఈ మాటతోనే నా పేచీ అంతా. ఆ ఎర్ర రొయ్య పేరు చెర్రీ రొయ్య, అది మొండి ప్రాణి. తైవాన్, తూర్పు చైనా వైపు వాగుల్లో మట్టిరంగులో తిరిగే రొయ్యని ఏరి ఏరి పెంచి ఎర్రగా తయారుచేశారు. 18 డిగ్రీల చలిలోనూ ఉంటుంది, 28 డిగ్రీల వేడిలోనూ ఉంటుంది, నాచు తింటుంది, రాలిన ఆకు తింటుంది. అది చచ్చిపోయేది తయారవని నీళ్ళలో దాన్ని వేసినందుకు.

వేరే ఎవరికైనా ఈ సంగతి కొత్తేమో గానీ మనకి కొత్త కాకూడదు. దేశంలో రొయ్యల సాగులో అందరికన్నా ముందున్నది ఆంధ్రప్రదేశే. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యల్ని ఊడ్చుకుపోయిన రోజుల గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. 2009లో వనామీ అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి వచ్చాక మళ్ళీ చెరువులు నిండాయి. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేయడానికి ముందు అక్కడ ఎంత పని జరుగుతుందో చూసినవాళ్ళెవరూ తొట్టిలో పచ్చినీళ్లు పోసి రొయ్యల్ని వదలరు. చెరువు ఎండగడతారు. నేల బీటలు వారాక అడుగున పేరుకున్న నల్లమట్టి తీసేసి, దున్ని, సున్నం చల్లుతారు. నీళ్లు వలలో వడకట్టి పెడతారు, బ్లీచింగ్ వేస్తారు, దాని ఘాటు పోయేదాకా నీళ్ళలో గాలి కలిపే ఎయిరేటర్లు తిప్పుతారు. ఆ తర్వాత తవుడు, బెల్లం పులియబెట్టి, ప్రోబయోటిక్ కలిపి పోస్తారు. నీళ్ళకి రంగు రావాలి, ఆ రంగు నిలబడాలి. అప్పుడు గానీ సీడ్ అమ్మే హేచరీకి ఫోన్ చేయరు.

సిటీలో ఇలా తొట్టితో పాటే రొయ్యల్ని అమ్మేస్తారని మా పెదనాన్నకి చెబితే ఆయన నమ్మలేదు. "నీళ్ళకి రంగు రాకుండానే సీడ్ పోసేస్తార్రా? పోతే డబ్బులెవడిస్తాడు?" అన్నాడు. ఆయన అడిగింది సరైన ప్రశ్న. చెరువులో సీడ్ పోతే రైతు మునుగుతాడు కాబట్టి రైతు జాగ్రత్తపడతాడు. తొట్టిలో పోయేది కొన్ని వందల రూపాయలే కాబట్టి మళ్ళీ కొనుక్కుంటాం, షాపువాళ్ళు మళ్ళీ అమ్ముతారు. ఈ లెక్కలో నష్టపోయేది రొయ్య ఒక్కటే.

నీళ్లు తయారవడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా దీనిమీదే ఆధారపడి ఉంది. రొయ్య రెట్ట వేస్తుంది, మిగిలిన మేత కుళ్ళుతుంది, ఏదో ఒక ఆకు కుళ్ళుతుంది, వీటన్నిటి నుంచీ పుట్టేది అమ్మోనియా. కొత్త తొట్టిలో దాన్ని తినే బ్యాక్టీరియా ఉండదు. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది, ఇది తక్కువ మోతాదులో పెద్దగా హాని చేయదు, కొంత మొక్కలు పీల్చుకుంటాయి, మిగిలింది మనం నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ రెండు రకాలూ ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో, గాజు మీద స్థిరపడడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో తొట్టి ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి అసలు పని అప్పుడే జరుగుతుంది. రెండు మూడు రోజులకోసారి చిటికెడు చేపల మేత వేయండి, అది కుళ్ళి బ్యాక్టీరియాకి తిండి అవుతుంది. అమ్మోనియా, నైట్రైటు కొలిచే టెస్ట్ కిట్ కొనండి. అమ్మోనియా పైకి లేచి పడిపోవాలి, దాని వెనక నైట్రైటు లేచి పడిపోవాలి, రెండూ సున్నా దగ్గర కనీసం వారం నిలబడాలి. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి కదా అని మోసపోకండి, అమ్మోనియాకి రంగు లేదు.

మన ఊళ్ళలో దీనికి ఇంకో చిక్కు ఉంది. మొత్తం అమ్మోనియాలో నిజంగా విషపు రూపంలో ఉండే వాటా పీహెచ్‌ని బట్టి, వేడిని బట్టి మారుతుంది. 25 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే ఆ వాటా ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది, అదే పీహెచ్ దగ్గర నీళ్లు 30 డిగ్రీలకి వేడెక్కితే 7 శాతం దాటుతుంది. ఎక్కడో చల్లటి దేశంలో మెత్తటి (ఉప్పులు తక్కువున్న) నీళ్ళున్నవాళ్ళు వీడియోలో "కాస్త అమ్మోనియా ఉన్నా ఫర్వాలేదు" అంటే, అదే అంకె ఏప్రిల్‌లో మన బోరు నీళ్ళలో పదింతలు ప్రమాదం.

"మేం వెంటనే వేశాం, మావి బతికాయి" అనేవాళ్ళూ ఉంటారు. ఉంటాయి, కాదనను. ఎవరిదో నడుస్తున్న తొట్టిలో స్పాంజి తెచ్చి పెట్టి ఉంటే, లేదా మొక్కలు దట్టంగా ఉండి నాలుగైదు రొయ్యలే వేసి ఉంటే గట్టెక్కుతాయి. కానీ చెర్రీ రొయ్య ఆరోగ్యానికి నేను చూసే కొలత బతకడం ఒక్కటే కాదు, పిల్లలు పెట్టడం. నీళ్లు కుదిరిన తొట్టిలో అవి వద్దన్నా పెరుగుతాయి. ఏడాది గడిచినా పదికి పది పెద్ద రొయ్యలే కనిపిస్తూ ఒక్క పిల్ల కూడా లేదంటే అక్కడ ఏదో లోపం ఉంది.

తొట్టి సైజు గురించి ఒక మాట. రొయ్య మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు కాబట్టి రెండు లీటర్ల గాజు గిన్నె చాలనుకుంటారు, ఆఫీసు బల్ల మీద పెట్టుకోవచ్చని అమ్ముతారు కూడా. చిన్న తొట్టి సులువు అన్నది పూర్తిగా తలకిందులు. నీళ్లు తక్కువైతే ఏసీ వేసినా తీసినా వేడి మారిపోతుంది, ఒక్క మేత బిళ్ళ ఎక్కువైనా పాడైపోతుంది. 20 లీటర్ల కన్నా తక్కువైతే మానేయండి. నా సలహా అడిగితే ఒకటిన్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి, నిండా పోస్తే 42 లీటర్లు పడుతుంది. గాజు, ఇసుక కలిపితే యాభై కిలోలు దాటుతుంది, బల్ల దానికి తగ్గట్టు గట్టిగా ఉండాలి, కిటికీ ఎండ నేరుగా పడకూడదు. లోపల నల్ల ఇసుక, జావా నాచు గుప్పెడు, నానబెట్టిన కర్రముక్క ఒకటి, ఎండి రాలిన బాదం ఆకు ఒకటి. మన వీధుల్లో గొడుగులా పెరిగే నాటు బాదం చెట్టుదే. ఫిల్టరు మాత్రం గాలి మోటారుతో నడిచే స్పాంజిదే పెట్టండి, నీళ్ళని మోటారుతో లాగే ఫిల్టర్లు పిల్ల రొయ్యల్ని లోపలికి లాగేస్తాయి, పైగా స్పాంజి మీద పేరుకునే పొరే వాటికి మంచి మేత. గాలి గొట్టానికి చెక్ వాల్వ్ తప్పనిసరి, లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టి నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వస్తాయి.

ఇక హైదరాబాద్ నీళ్లు. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో "మా నీళ్ల టీడీఎస్ (కరిగిన ఉప్పుల మొత్తం) ఇంత" అని ఒక అంకె చెప్పి ఊరుకుంటే సరిపోదు. సంపులోకి ఒకరోజు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తాయి, ఒకరోజు బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు. అదే కుళాయి, వారానికో రకం నీళ్లు. వీటన్నిటికీ మించి సాఫ్ట్‌నర్ ఉంటుంది. బట్టలు బాగా ఉతకాలని, గీజరు పాడవకూడదని పెట్టే ఆ ప్లాంటు నీళ్ళలో క్యాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం వదులుతుంది. టీడీఎస్ మీటరు పెడితే అంకె మాత్రం పెద్దగా మారదు, 600 ఉన్నది 600 దగ్గరే ఉంటుంది, కానీ రొయ్యకి కావలసిన క్యాల్షియం అందులో ఉండదు. క్యాల్షియం లేకపోతే పెంకు సరిగా తయారవదు, పెంకు సరిగా లేకపోతే కుబుసం విడిచేటప్పుడు ఇరుక్కుపోతుంది, తలకీ వంటికీ మధ్య చుట్టూ తెల్లటి పట్టీ పడుతుంది, అలా పట్టీ పడినవాటిలో చాలావరకు బతకవు. వీటిని చూసి "ఏదో రోగం" అని మందులు పోసేవాళ్ళున్నారు. అక్కడ రోగమేమీ లేదు, నీళ్ళలో ఉప్పులు తారుమారయ్యాయి.

అందుకే జీహెచ్ (క్యాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పే అంకె), కేహెచ్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే కార్బొనేట్ల అంకె) కొలిచే చుక్కల కిట్ కొనమంటాను, టీడీఎస్ మీటరు దాని తర్వాతే. చెర్రీ రొయ్యలకి జీహెచ్ 6 నుంచి 10, కేహెచ్ 2 నుంచి 6, పీహెచ్ 7కి అటూ ఇటూ 8 లోపు, టీడీఎస్ 180 నుంచి 300 మధ్య ఉంటే హాయిగా ఉంటాయి. నాకు బాగా కుదిరిన పద్ధతి ఆర్వో నీళ్ళలో రొయ్యల కోసం అమ్మే మినరల్ పొడి కలుపుకోవడం. ఆర్వో నీళ్ళలో దాదాపు ఏమీ ఉండదు కాబట్టి ఏం కలుపుతున్నామో మనకి తెలుస్తుంది, ఈ వారం కలిపిందే వచ్చే వారమూ కలుపుతాం. సాఫ్ట్‌నర్ తగలని బోరు నీళ్లు దొరికితే వాటిని ఆర్వోతో కలిపి వాడుకున్నా సరే, ఖర్చు తగ్గుతుంది. మునిసిపల్ నీళ్లు వాడితే యాంటీ క్లోరిన్ వేయాల్సిందే. ఏ దారి పట్టినా దాన్ని మార్చకుండా పట్టుకోండి. కొంచెం అటూ ఇటూగా ఉన్నా నిలకడగా ఉండే నీళ్ళలో రొయ్య సర్దుకుంటుంది. ఇవాళ బ్రహ్మాండంగా, రేపు ఇంకోలా ఉంటే సర్దుకోలేదు.

దోమల మందు గురించి ఎవరూ చెప్పరు, నేను కోపంగానే చెబుతాను. మనం గోడకి తగిలించే ద్రవం సీసాల్లో ఉండేవి ట్రాన్స్‌ఫ్లుత్రిన్, ప్రాలెత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్ మందులు. దోమా, రొయ్యా రెండూ కీళ్ళకాళ్ళ జీవులే, ఒకదాన్ని చంపే మందు రెండోదాన్నీ చంపుతుంది, నీళ్ళలో అతి కొద్ది మోతాదు చాలు. పైగా గాలి మోటారు చేసే పనేమిటి? గదిలో గాలిని పీల్చి నీళ్ళలోకి తోయడం. అదే గదిలో రాత్రంతా దోమల మందు వెలిగించి పడుకుంటే, ఆ మందుని మోటారు చేతికిచ్చి తొట్టిలో కలపమన్నట్టే. బొద్దింకల స్ప్రే, పెస్ట్ కంట్రోల్, వీధిలో పొగ బండి, చేతులకి రాసుకున్న దోమల క్రీము, అన్నిటితోనూ ఇలాగే జాగ్రత్తపడాలి. ఇంట్లో చంటిపిల్లలుండి డెంగ్యూ భయం ఉంటే మందు మానేయమని నేను చెప్పను, తొట్టిని పడకగదిలో పెట్టకండి అంటాను. దోమతెర కట్టుకోగలిగితే ఇంకా మంచిది. రోగం తగిలిన చేపల తొట్టిలో వేసే రాగి మందులూ అంతే ప్రమాదం, మైలుతుత్తం తగిలిన బకెట్టు కూడా దగ్గరికి రానివ్వకండి. షాపులో కొన్న మొక్కల మీద పురుగుమందు ఉండొచ్చు, కాబట్టి వాటిని వేరే బకెట్లో వారం నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉంచాకే తొట్టిలోకి.

ఎండాకాలం గురించి భయపెట్టేవాళ్ళు ఎక్కువ గానీ, అది దాటగలిగిన గండమే. 25 డిగ్రీల దగ్గర నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాములకి కాస్త పైన ఆక్సిజన్ పట్టుకోగలవు, 32 దగ్గర 7కి కాస్త పైన. తగ్గుదల అంకెలో చిన్నదే, కానీ వేడికి రొయ్యకీ బ్యాక్టీరియాకీ ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, అందుకని గాలి మోటారు ఆగకూడదు, ఇన్వర్టర్ లైనుకి కలపండి. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే హైదరాబాద్ పొడి వేసవిలో రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖలో, విజయవాడలో ఉక్కపోతకి అంత తగ్గదు, అక్కడివాళ్ళు పగలు చల్లగా ఉండే గది ఎంచుకోవాలి. ఫ్యాను పెట్టినప్పుడు ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి, కాబట్టి తగ్గినంత మేరకు మినరల్ కలపని ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి.

ఈ వేడి వల్లే క్రిస్టల్ రొయ్యల్ని కొత్తవాళ్ళకి అంటగట్టడం తప్పంటాను. ఎరుపు తెలుపు పట్టీలతో చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. వాటికి పుల్లటి, మెత్తటి నీళ్లు, 24 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొనే స్తోమత లేకుండా వాటిని మన వేసవిలో పెట్టడం అన్యాయం. చెర్రీ, అది కూడా ఒకే రంగు తీసుకోండి. ఎరుపు, నీలం, పసుపు కలిపి వేస్తే వాటిలో అవి జతకట్టి కొన్ని తరాలకి మళ్ళీ ఆ పాత మట్టిరంగుకే వస్తాయి.

నీళ్లు తయారయ్యాక రొయ్యల్ని వదిలే రోజున కూడా తొందర వద్దు. మా చెరువుల దగ్గర సీడ్ సంచుల్ని నీళ్ళలో తేలేసి, చెరువు నీళ్లు కొంచెం కొంచెం కలిపాకే వదులుతారు. ఇక్కడా అదే పని, సన్నటి గాలి గొట్టానికి ముడి వేసి, సెకనుకి రెండు మూడు చుక్కల చొప్పున తొట్టి నీళ్ళని రొయ్యలున్న గిన్నెలోకి గంటన్నర పాటు దించాలి. కవర్లో వచ్చిన నీళ్లు తొట్టిలో కలపకూడదు.

మేత విషయంలో మా ఊరి అలవాటొకటి నాకు చాలా పనికొచ్చింది. చెరువులో రైతు మేత చల్లి ఊరుకోడు, చెక్ ట్రేలో కొంచెం మేత వేసి దించి, తర్వాత పైకి తీసి, ఎంత తిన్నాయో చూసి మర్నాటి మేత లెక్క వేసుకుంటాడు. తొట్టిలో ఒక చిన్న గాజు పళ్ళెం అదే పని చేస్తుంది. ఉడికించిన బీరకాయ ముక్కో, పాలకూరో, మునగాకో, లేదా బిళ్ళ మేతో అందులో వేయండి, రెండు మూడు గంటల్లో మిగిలింది తీసేయండి. రోజూ వేయక్కర్లేదు. రోజంతా అవి నాచునీ, కర్రనీ, ఆకునీ గీరుకుంటూ తింటూనే ఉంటాయి.

కొత్తగా పెంచేవాళ్ళు మొదటిసారి కంగారుపడేది కుబుసం చూసినప్పుడు. పొద్దున్నే ఇసుక మీద రొయ్య ఒకటి పడి ఉంటుంది. దగ్గరగా చూడండి, అది గాజులా పారదర్శకంగా ఉంటే కుబుసం. కళ్ళ మీది పొర, మీసాలు, ఒక్కో కాలి కణుపు దాకా అచ్చు రొయ్యే, తల గుల్లకీ తోకకీ మధ్య వీపు మీద ఒక చీలిక ఉంటుంది, అసలు రొయ్య వెనక్కి ఒక్క కుదుపుతో అందులోంచే బయటికి వచ్చింది. ఆ రొయ్య వొళ్ళు గట్టిపడేదాకా నాచు కింద నక్కి ఉంటుంది, దాన్ని వెతికి కదిలించకండి. కుబుసాన్నీ తీసేయకండి, దాన్ని మళ్ళీ తినేస్తాయి, అందులో క్యాల్షియం ఉంది. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే చెరువులో ఎక్కువ రొయ్యలు కుబుసం విడుస్తాయని మా వైపు రైతులు ఆ రోజుల్లో మేత తగ్గిస్తారు. తొట్టిలో మనం గుర్తుపెట్టుకోవాల్సింది నీళ్ల మార్పు. ఒక్కసారిగా సగం నీళ్లు మార్చేస్తే రొయ్య సిద్ధం కాకముందే కుబుసం విడుస్తుంది, చాలాసార్లు అదే దాని చావు. వారానికి పదో పదిహేనో శాతం, అదే వేడి, అదే టీడీఎస్ ఉన్న నీళ్లు, మెల్లగా పోయండి.

అన్నీ కుదిరితే ఆడరొయ్య వీపు మీద ముందు పసుపుపచ్చ మచ్చ కనిపిస్తుంది, తర్వాత కడుపు కింద ఇరవై ముప్ఫై గుడ్లు. నాలుగు వారాలకి కాస్త అటూ ఇటూగా వాటిని తోక కింది తెడ్లతో విసురుకుంటూ మోస్తుంది. మన గోదావరి నీలకంఠ రొయ్య పిల్లలకి ఉప్పు కలిసిన నీళ్లు కావాలి, అందుకే గుడ్లతో ఉన్న తల్లి సముద్రం వైపు దిగి వెళ్తుంది. చెర్రీకి ఆ అవసరం లేదు, రెండు మిల్లీమీటర్ల పిల్లలు అచ్చం తల్లి రూపంలోనే నేరుగా తొట్టిలో పుడతాయి.

త్వరగానే తొట్టి నిండిపోతుంది. అప్పుడు దయచేసి వాటిని చెరువులో వదలకండి, పుణ్యం అనుకుని కూడా వదలకండి. జర్మనీలో, పోలండ్‌లో, హవాయిలో ఇలా బయటపడ్డ చెర్రీ రొయ్యలు అక్కడే స్థిరపడ్డాయి. మన దగ్గర అక్వేరియంల నుంచి బయటపడి చెరువుల్లో వలలు చింపుతున్న దెయ్యం చేప సంగతి జాలర్లని అడగండి. ఊళ్ళో సొంత చెరువున్నవాళ్ళు తొట్టికి వాడిన బకెట్టు, వల చెరువు దాకా తీసుకెళ్ళకండి, అక్కడివి ఇక్కడికీ తేకండి.

ఎక్కువైనవి అడిగినవాళ్ళకి ఊరికే ఇచ్చేస్తాను. ఇచ్చే పద్ధతి మాత్రం రెండు విడతలు. మా తొట్టిలో అదనంగా ఒక స్పాంజి ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది, ముందు అది ఇచ్చి పంపిస్తాను, వాళ్ళ కొత్త తొట్టిలో పెట్టుకుని చిటికెడు మేత వేస్తూ నడపమంటాను. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించిన టెస్ట్ ఫొటో వాట్సాప్‌లో పంపిన రోజున, ఆదివారం అయినా సరే, వచ్చి రొయ్యల్ని పట్టుకెళ్ళమంటాను.